చూస్తే చెరిగే బొమ్మ

మా వ్రాబ్లినా పట్టణం ఇకపై ఇంటర్నెట్ కళకు ప్రపంచ రాజధాని అని మేయర్ స్తానె కొబిల్ గారు ప్రకటించారు. ఫైరింజన్ వాళ్ళు బ్యాండు వాయించారు. అందరికీ జున్ను కూరిన వేడి వేడి బురెక్ రొట్టెలు పంచారు. స్లొవేనియాలో అప్పటిదాకా మాకున్న ప్రత్యేకత మా ఊళ్ళో రైలు ఆగకపోవడమే.

ప్రకటనకు ఆధారం ఉంది. దేశ రాజధాని లుబ్లియానాలో కుర్రకారు మోడెమ్‌లు కుయ్యిమనిపిస్తూ వెబ్ పేజీ కూడా కళేనని వాదించుకునే రోజుల్లో, మా ఊరి మిలోయ్కా గారు ఒక పేజీ చేశారు. కిటికీ పక్కన బఠాణీలు ఒలుస్తున్న వాళ్ళమ్మ ఫోటో. ఎవరు ఆ పేజీ తెరిచినా బొమ్మలోంచి ఒక చుక్క రాలిపోతుంది, మళ్ళీ రాదు. కాగితం ఫోటోను ఆవిడ అప్పుడే పొయ్యిలో వేశారు. దాచుకుంటే అది కళ కాదట.

ఆ పేజీ ఉన్న పాత కంప్యూటర్ మునిసిపల్ లైబ్రరీలో ఉంది. దాన్ని కనిపెట్టుకుని ఉండే ఉద్యోగం నాది. మేయర్ గారు, మిలోయ్కా గారు నా బల్ల దగ్గరే మాట్లాడుకున్నారు.

"రాజధాని అన్నాక జనం రావాలి కదక్కా. దేశమంతా చూడాలి."

"చూస్తే పోతుందిరా స్తానె."

"ఏది?"

"మా అమ్మ."

"ఆవిడ పోయి చాలా కాలమైందిగా!"

"మళ్ళీ పోతుంది. తెలిసినవాళ్ళం నలుగురం ఎప్పుడో ఒకసారి చూసుకుంటే నేను బతికున్నన్నాళ్ళూ ఉంటుంది."

"నలుగురి కోసం బ్యాండు పెట్టించానా? పోనీ, ఒక కాపీ తీసి పెట్టుకో."

"నీ పెళ్ళి వీడియోకి కాపీలున్నాయా?"

"మూడున్నాయి."

"ఎప్పుడైనా చూశావా?"

మేయర్ గారు గడియారం చూసుకున్నారు.

"నువ్వైనా చెప్పమ్మా," అన్నారావిడ నాతో. చెప్పాను. ఎంతమంది చూస్తే అంత త్వరగా మాయమవుతుందని విడమరచి చెప్పాను. ఆయన ఎంతో శ్రద్ధగా విన్నారు. మర్నాటికల్లా ఊరంతా పోస్టర్లు వెలిశాయి: "త్వరపడండి! అయిపోతోంది!"

ప్రజాస్పందన అపూర్వం. బడి పిల్లలు తరగతుల వారీగా తెరిచారు. పెన్షనర్ల సంఘం బస్సు కట్టించుకొచ్చి, ఫోన్లలో కనిపించేదాన్నే లైబ్రరీలో నిలబడి చూసింది. మిలోయ్కా గారు నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. బఠాణీలు పోయాయి. కిటికీ పోయింది.

"చేతులు ఇంకా తెలుస్తున్నాయి కదూ?" అన్నారు.

తెలుస్తున్నాయన్నాను. అప్పటికి తెలియడం లేదు.

అంతా తెల్లగా అయ్యాక మేయర్ గారు వచ్చారు. అంతకుముందు ఆయనకు తీరిక కాలేదు.

"అద్భుతం! ఇందులో ఏముండేది?"

మిలోయ్కా గారు కోటు తొడుక్కుని వెళ్ళిపోయారు.

"ఇంత పేరొచ్చిన పేజీని ఖాళీగా వదిలేస్తామా?" అన్నారాయన.

ఆ చోటులో మేయర్ గారి నిలువెత్తు ఫోటో పెట్టించారు. పేజీ పనిచేసే తీరు మాత్రం మారలేదు. మార్చడం మునిసిపాలిటీలో ఎవరికీ రాదు, నన్నెవరూ అడగలేదు. ఉద్యోగులు, కౌన్సిలర్లు రోజూ ఆ పేజీ దర్శించాలని తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. "ఇవాళ కూడా చూశాం సార్, కళ్ళు చెమర్చాయి," అని పొద్దున్నే క్యూ కట్టి చెబుతారు.

పేజీ తెరవకుండానే లోపలి బొమ్మను సరిచూసే వీలు నాకుంది. ఏడాది నిండాక చూశాను. ఒకే ఒక్క చుక్క పోయింది. అది ఫోటో ఆవిష్కరణ రోజున మేయర్ గారే చూసుకున్నప్పటిది.