డెప్యుటేషన్ మీద ప్రజలు

ఈ నగరంలో ఇకమీదట పచ్చగడ్డి మీద కూర్చోని పౌరుడంటూ ఒక్కడు కూడా మిగలడానికి వీల్లేదని ఉద్యానవనాల మంత్రిగారు ప్రకటించారు. ఏసీ హాల్లో, ప్లాస్టిక్ పూలకుండీల మధ్య నిలబడి ఆయన ఆ మాట అంటుంటే ముందు వరసలో వాళ్ల కళ్లు చెమర్చాయి. "చెట్టంటే నాకు ప్రాణం. నేను చెట్టు కిందే పెరిగాను," అన్నారాయన. అది ఏ చెట్టో కనుక్కుని దాని చుట్టూ కంచె వేయించమని శాఖ డైరెక్టరుగారు అక్కడికక్కడే ఆర్డరేశారు. చెట్టు దొరకలేదు. కంచె మాత్రం వేశారు.

ఎన్నేళ్ల నుంచో తయారవుతూ ఉన్న పెద్ద పార్కును బుధవారం ప్రజలకు అంకితం చేస్తారట. ప్రజలు భార్యాబిడ్డలతో వచ్చి రోజంతా హాయిగా గడపాలట. ఆదివారం మంత్రిగారికి తీరిక లేదు కాబట్టి ప్రజల తీరికను బుధవారానికి మార్చారు.

ఆ ప్రకటనను అక్షరాలా నమ్మినవాడు ఊరు మొత్తానికి ఒక్కడే. వాడు ఆ శాఖలోనే అటెండరు. శాఖ టీ తాగుతూ, శాఖ జీతం తింటూ, శాఖ మాట కూడా నమ్మేంత అమాయకత్వం ఇంకెవరికీ లేదు.

అతని కాపురం ఒక ప్రింటింగ్ ప్రెస్సు మేడ మీద, ఒంటి గదిలో. కిటికీ తీస్తే పక్కింటి గోడ. గోడ మీద ఒక తడి మరక. అతని కూతురు ఆ మరకను చెట్టనుకుని బొమ్మలు గీసేది. ఆ పిల్లకి ఒక ఎర్ర బంతి ఉంది. గదిలో ఆడితే అది గిన్నెల మీద పడుతుంది, మెట్ల మీద ఆడితే ఇంటి ఓనరమ్మ వీళ్ల మీద పడుతుంది. అందుకని బంతి ఎక్కువగా మంచం కిందే ఉండేది.

"గడ్డి మీద పొర్లొచ్చా నాన్నా?"

"బ్రహ్మాండంగా పొర్లొచ్చు. సాక్షాత్తూ మంత్రిగారే పొర్లమన్నారు."

భార్య కూరగాయలు తరుగుతూ తలెత్తకుండానే అంది: "మీ శాఖ కబుర్లు దాని దగ్గర చెప్పకండి. పెళ్లయిన కొత్తలో పూలతోట చూపిస్తానని తీసుకెళ్లి మీ ఆఫీసు కుండీలు చూపించారు నాకు."

"అది వేరే. ఈసారి సీఎల్ పెడుతున్నా."

"పెట్టండి, చూద్దాం."

మర్నాడు సీఎల్ కాగితం చూసి డైరెక్టరుగారు నవ్వారు. పెద్దవాళ్లకే చేతనయ్యే నవ్వు అది. పళ్లు కనిపిస్తాయి గానీ మరేమీ కనిపించదు.

"ప్రజలకు పార్కు ఇవ్వడంలో ఒక్కటే చిక్కు ఉందయ్యా," అన్నారాయన.

"ఏంటి సార్?"

"ప్రజలే. వాళ్లొస్తే గడ్డి తొక్కుతారు. పూలు తెంపుతారు. మంత్రిగారు కనిపిస్తే ఊరుకోరు, ఏదో ఒకటి అడుగుతారు. అందుకని ఆ రోజుకి మన స్టాఫునే ప్రజలుగా డెప్యుటేషన్ మీద వేస్తున్నాం."

ఆ ఏర్పాటు చూస్తే ఎవరైనా చేతులెత్తి మొక్కాల్సిందే. అకౌంట్స్ సెక్షన్ వాళ్లు వాకింగ్ చేసే ప్రజలు. స్టోర్సు వాళ్లు బెంచీల మీద కునుకు తీసే ప్రజలు. ప్రేమికుల పోస్టులకు పోటీ ఎక్కువైతే సీనియారిటీ ప్రకారం ఇచ్చారు. కాబట్టి ఆ అవకాశం రిటైర్మెంటుకు దగ్గరపడ్డ ఇద్దరు హెడ్ క్లర్కులకు దక్కింది. ఇద్దరూ మగవాళ్లే. ఇద్దరికీ మోకాళ్ల నొప్పులే.

"నువ్వు సంతోషంగా ఉన్న భర్తవి," అన్నారు డైరెక్టరుగారు. "మన టైపిస్టమ్మ నీ భార్య. సూపరింటెండెంటుగారి పిల్లలిద్దరూ నీ పిల్లలు."

"సార్, నాకు నిజం భార్యే ఉంది సార్. పాప కూడా ఉంది. వాళ్లనే తెస్తాను."

"వాళ్లు మన శాఖ మనుషులా?"

"కాదు సార్."

"మరింకేం, వాళ్లు ప్రజలే కదా! ఒక పని చెయ్యి. వాళ్లను మెయిన్ గేటు బయట నిలబడమను. మంత్రిగారు రిబ్బను కోయగానే గేటు తీసేస్తాం. అక్కడితో నీ డ్యూటీ అయిపోయినట్టే. తర్వాత నీ ఇష్టం, అందరూ కలిసి పొర్లుకోండి."

అటెండరుకి ప్రాణం లేచొచ్చింది. ఇంటికెళ్లి అదే చెప్పాడు. భార్య రాత్రికి క్యారియర్ తోమి పెట్టింది.

బుధవారం పొద్దున్నే ప్రజలందరూ శాఖ వాళ్లకీ కార్లకీ మాత్రమే తీసే వెనక గేటులోంచి పార్కులోకి వెళ్లి సంతకాలు పెట్టారు. పార్కు నిజంగానే బాగుంది. ఆ మాట ఒప్పుకోవాలి. అడుగు వేస్తే పాదం మెత్తగా దిగబడే గడ్డి, గుండ్రంగా కత్తిరించిన పొదలు, మధ్యలో చిన్న కొలను. రిహార్సల్ మొదలైంది. డైరెక్టరుగారు విజిల్ వేస్తే నవ్వాలి. ఇంకోసారి వేస్తే ఆపాలి.

"అన్నయ్యా, కాస్త జరుగు. ఎండ పడుతోంది," అంది టైపిస్టు.

డైరెక్టరుగారు పరుగున వచ్చారు. "మొగుణ్ని పట్టుకుని అన్నయ్యా అంటావేంటమ్మా!"

"ఇన్నేళ్లుగా అలవాటైపోయింది సార్. నోరు తిరగట్లేదు."

"అయితే నోరు తెరవకు. నవ్వు చాలు."

మెయిన్ గేటు బయట అప్పటికే జనం మూగారు. ఊచల మధ్యలోంచి అటెండరుకి భార్య కనిపించింది, చేతిలో క్యారియర్ కనిపించింది, ఆవిడ నడుం దగ్గర కూతురి మొహం కనిపించింది. చెయ్యి ఊపాడు.

"చెయ్యి ఊపకు!" అన్నారు డైరెక్టరుగారు. "సంతోషంగా ఉన్నవాడు బయటికి చూడడు."

నాన్న తనని చూడట్లేదనుకుంది కాబోలు, ఆ పిల్ల బలమంతా ఉపయోగించి బంతిని గేటు పైనుంచి లోపలికి విసిరింది. ఎర్ర బంతి పచ్చగడ్డి మీద దొర్లుకుంటూ వచ్చి అటెండరు మోకాలికి తగిలి ఆగింది. డైరెక్టరుగారు దాన్ని తీసి చూశారు. "భేష్! ఫొటోలో ఇదొక్కటే తక్కువైంది," అని సూపరింటెండెంటుగారి అబ్బాయి చేతిలో పెట్టారు.

అంతలో మంత్రిగారి కారు వెనక గేటులోంచి వచ్చింది. ఆయన నడిచినంత మేరా ప్రజలు నవ్వుతూనే ఉన్నారు. ప్రేమికులు ఒకరి భుజం ఒకరు పట్టుకుని లేచి నమస్కారం పెట్టారు. మంత్రిగారు అటెండరు కుటుంబం దగ్గర ఆగారు.

"ఏమ్మా, నీ భర్త నిన్ను బాగా చూసుకుంటాడా?"

టైపిస్టు తడబడింది. "చాలా మంచోడండీ అన్నయ్య."

డైరెక్టరుగారి మొహం తెల్లబోయింది. మంత్రిగారి మొహం మాత్రం వెలిగింది. "ఎంత నిర్మలమైన కాపురం! రాసుకోండయ్యా," అన్నారు పత్రికల వాళ్లతో. వాళ్లు రాసుకున్నారు.

రిబ్బను మెయిన్ గేటుకి లోపలివైపు కట్టారు. మంత్రిగారు కోశారు. చప్పట్లు. బయట జనం ఒక్క ఉదుటున ముందుకొచ్చారు. "గేటు తెరవండి!" అని డైరెక్టరుగారు గంభీరంగా చెయ్యెత్తారు. వాచ్‌మన్‌లు లాగారు. తర్వాత తోశారు. గేటు కదల్లేదు.

ఇంజినీరుగారు చెవిలో చెప్పాలనుకున్నారు గానీ మైకు దగ్గరగా ఉంది.

"సార్, అది తెరుచుకోదు సార్. గోడకి సాంక్షన్ వచ్చింది గానీ మెయిన్ గేటుకి రాలేదు. అందుకని గోడనే ఇనప ఊచలతో గేటు మోడల్లో కట్టాం."

"ఇన్నేళ్లు ఎవరూ చూసుకోలేదా?"

"ఎవరూ తెరవలేదు కదా సార్."

ఇంకొకరైతే కంగారు పడేవాళ్లు. మంత్రిగారు మంత్రిగారే. మైకు అందుకున్నారు. "ప్రజలారా! ఈ పార్కు మీది. మీది కాబట్టే ఇంత పకడ్బందీగా కాపాడుతున్నాం!" అని ఊచల మధ్యలోంచి చెయ్యి పెట్టి, అందిన మొదటి పిల్ల బుగ్గ నిమిరారు. అది అటెండరు కూతురి బుగ్గ.

"పాపా, పార్కు ఎలా ఉంది?"

"నా బంతి నాకిప్పించండి."

"తప్పకుండా పరిశీలిస్తాం."

"అదిగో, ఆ అబ్బాయి దగ్గరుంది. మా నాన్న పక్కన."

మంత్రిగారు వెనక్కి తిరిగి చూశారు. అటెండరు, పక్కన టైపిస్టు, ఇటొక పిల్ల, అటొక పిల్లాడు. పత్రికల వాళ్లూ అటే తిరిగారు. అటెండరు సగం లేచాడు. నోరు తెరిచాడు.

డైరెక్టరుగారు విజిల్ వేశారు.

అటెండరు నవ్వాడు.

"పాపం," అన్నారు మంత్రిగారు బరువుగా తల ఊపుతూ. "తండ్రి లేని పిల్లలా ఉంది. సంతోషంగా ఉన్నవాణ్ని చూస్తే చాలు, నాన్న అనుకుంటోంది."

ఆ పిల్ల తలమీద చెయ్యి పెట్టి ఆయన దీవిస్తున్న ఫొటో మర్నాడు అన్ని పేపర్లలోనూ వచ్చింది. వెనకాల, కొంచెం మసగ్గా, నవ్వుతున్న అటెండరు. భార్య ఆ పేపర్ని కూరగాయల బుట్టలో అడుగున పరిచింది. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ, "మీ ఆవిడ బాగుందా?" అని మాత్రం అడిగింది.

గేటుకి సాంక్షన్ కోసం పై ఆఫీసుకి రాశారు. అది వచ్చేదాకా పార్కును ప్రజలు లేకుండా ఉంచడం ప్రభుత్వానికి మచ్చ కాబట్టి, స్టాఫు డెప్యుటేషన్‌ను పొడిగించారు. అటెండరు ఇప్పుడు రోజూ వెనక గేటులోంచి వెళ్లి, గడ్డి మీద కూర్చుని, సాయంత్రం దాకా సంతోషంగా ఉండి వస్తున్నాడు. ఒకసారి మొహం మాడ్చుకున్నందుకు మెమో ఇచ్చారు. బంతి డైరెక్టరుగారి బీరువాలో ఉంది. మళ్లీ ఫొటోలు తీసినప్పుడు పనికొస్తుందట.

బడికి సెలవైన రోజున భార్య, కూతురు క్యారియర్ తీసుకుని మెయిన్ గేటు దగ్గరికి వస్తారు. గిన్నెలు ఊచల్లో పట్టవు. అందుకని భార్య బయట ఫుట్‌పాత్ మీద కూర్చుని ముద్దలు కలిపి ఒక్కొక్కటే లోపలికి అందిస్తుంది. పిల్ల బోర్లా పడుకుని, మోచేతి దాకా చెయ్యి లోపలికి దూర్చి, గడ్డిని నిమురుతూ ఉంటుంది.

మొన్న బడిలో కొత్త టీచరమ్మ పిల్లలందరినీ వరసగా లేపి, ఇళ్లల్లో ఎవరేం చేస్తారని అడిగింది. ఈ పిల్ల వంతు వచ్చింది.

"మా నాన్న ప్రజలుగా చేస్తాడండీ. పెద్ద పార్కులో."

టీచరమ్మకి నవ్వొచ్చింది. "అలాగా? మరి మీ అమ్మా, నువ్వూ?"

"మాకింకా సాంక్షన్ రాలేదండీ," అంది ఆ పిల్ల.