ముసుగు తీయని కంప్యూటర్

కంప్యూటర్ నేర్చుకోవాలంటే ముందు కంప్యూటర్‌కి తాళం వెయ్యాలి! ఈ మాట అంటున్నది ఎవరో కాదు, పరాయి దేశంలో ఒక బడి టీచర్లకు కంప్యూటర్ నేర్పడానికి వాలంటీరుగా వచ్చిన నేనే. నవ్వకండి. మా బడి సంగతి విన్నాక మీరే ఒప్పుకుంటారు.

మా బడిలో దాతలిచ్చిన కొత్త కంప్యూటర్లున్నాయి. వాటికి పూలగుడ్డతో కుట్టించిన ముసుగులున్నాయి. గదికి తాళం ఉంది. తాళంచెవి హెడ్మాస్టరుగారి బెల్టుకి వేలాడుతూ ఉంటుంది. వారానికోసారి ఆయన బూట్లు విప్పి లోపలికెళ్ళి ముసుగులు తీస్తారు, నేను దుమ్ము దులుపుతాను, మళ్ళీ ముసుగులు వేసేస్తాం. ఇంత శుభ్రత మీ ఆఫీసులో ఉందా?

"ఒక్క గంట తెరవండి సార్" అని మొదట్లో బతిమాలాను.

"పాడైతే మళ్ళీ ఎవరిస్తారు బాబూ? పోయినసారి ఇచ్చినవి వాడి పాడుచేశామని నన్ను నిలబెట్టి కడిగేశారు" అన్నారాయన. పాపం, ఆయన భయం ఆయనది.

అందుకని స్టాఫ్ రూములో అట్టముక్క మీద కీబోర్డు గీశాను. టీచర్లు ఏదో ఒక అక్షరం మీద వేలు నొక్కుతారు, నేను ఆ అక్షరాన్ని గట్టిగా అరుస్తాను. అంటే మానిటర్ని నేనే! కరెంటు బిల్లు లేదు, వైరస్ గొడవ లేదు, కళ్ళజోడు ఖర్చు లేదు. నాకు జలుబు చేసినప్పుడు మాత్రం సిస్టమ్ కాస్త స్లో అయింది.

ఇదంతా ఫోనులో మా అక్కకు గొప్పగా చెప్పుకున్నాను.

"ఒరేయ్, దుమ్ము దులపడానికీ అరవడానికీ అంత దూరం పోవాలట్రా? మా ఇంట్లో దుమ్ము లేదా? అరవడానికి మీ బావ లేరా?" అంది.

అక్కలకి ఆధునిక విద్య ఏం తెలుస్తుంది చెప్పండి!

నా శిష్యుల్లో పట్టుదలంతా లెక్కల మేడమ్‌ది. త్వరలో ఆవిడకి కంప్యూటర్ మీద పరీక్ష ఉంది. తప్పితే ఉద్యోగం పోతుంది. ఇల్లు గడిచేది ఆ జీతంతోనే. అందుకే భోజనాల వేళ కూడా ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో అట్ట నొక్కుతూనే ఉంటారు. నా నోట్లో ముద్ద ఉన్నా సరే, అరవాల్సిందే.

పోయిన వారం దాతలు చూడ్డానికొచ్చారు. తాళం తీశారు. ముసుగులు లేచాయి. ఫోటో కోసం మేడమ్‌ని కుర్చీలో కూర్చోబెట్టారు. ఆవిడ జీవితంలో మొదటిసారి అసలైన కీబోర్డు మీద ఒక అక్షరం నొక్కారు. నొక్కి, స్క్రీన్ వైపు చూడలేదండీ. తల తిప్పి నా నోటి వైపు చూశారు!

నాకు నవ్వు రాలేదు. ఏడుపొచ్చినంత పనైంది.

"అరవరేం సార్? పడలేదా?" అని మెల్లగా అడిగారు.

"పడింది మేడమ్, ఎదురుగా చూడండి" అన్నాను.

చూశారు. తన పేరులో మొదటి అక్షరం! చిన్నపిల్లలా నవ్వారు. రెండోదాని కోసం వెతుకుతుండగానే ఫోటో అయిపోయింది. "లేవండమ్మా, లేవండి" అంటూ హెడ్మాస్టరు ముసుగు కప్పేశారు.

దాతలు బల్లల మీద వేలితో రుద్ది చూసుకున్నారు. దుమ్ము అంటలేదు. "భలే కాపాడారండీ, కొత్తవాటిలాగే ఉన్నాయి!" అని ఆయన భుజం తట్టారు. ఎవరికి ఏం వచ్చిందని ఒక్కరూ అడగలేదు. పైగా, ఆ సంతోషంలో మరికొన్ని కంప్యూటర్లు పంపుతామన్నారు. వాటికోసం హెడ్మాస్టరు మా స్టాఫ్ రూము ఖాళీ చేయించి, కొత్త తాళం తెప్పించారు. ఇప్పుడు నేనూ మేడమూ అట్ట పట్టుకుని మెట్ల కింద కూర్చుంటున్నాం.

పరీక్ష వచ్చేవారమే. దాన్ని పెట్టేవాళ్ళు మీకెవరికైనా తెలిస్తే ఒక్క మాట చెప్పి పుణ్యం కట్టుకోండి. మేడమ్ పక్కన నన్ను కూర్చోనివ్వమనండి. ఆవిడ నొక్కుతారు, నేను అరుస్తాను.

అలా కుదరదంటారా? అయితే ఆ బెల్టుకున్న తాళంచెవి ఒక్క పూట ఇప్పించండి, చాలు.