బోయా దగ్గర పిన్నిగారి క్షమాభిక్ష

ఆ ఆదివారం పొద్దున కోడలి పథకంలో మెలికలేమీ లేవు. కుట్టు మిషన్ మీద గుడ్డ కప్పి, అత్తగారిని వెంటబెట్టుకుని సరస్సుకు వెళ్లాలి. తెరచాప పడవల క్లబ్బు మామగారి పేరిట పెట్టిన స్మారక పోటీలో, ఆయన పాత పడవ ఎక్కాలి. దూరాన తేలే పసుపు బోయాను చుట్టి రావాలి. గట్టు దగ్గరి గీత దాటాలి. కప్పు ఎవరికి దక్కినా ఆమెకు పట్టింపు లేదు. గీత మాత్రం దాటి తీరాలి. దాటని పడవకు ఇకపై గట్టున చోటుండదని కమిటీ తీర్మానించింది. పట్టుబట్టి ఆ తీర్మానం చేయించినవాడు పళ్ల డాక్టరు. ఆయన కొత్త పడవ కొన్నాడు. పెట్టుకోడానికి జాగా లేదు.

మామగారి పడవ ఆ గట్టు మీంచి కదలడానికి వీల్లేదని అత్తగారు భీష్మించుకుంది. కొడుక్కేమో నీళ్ల బకెట్టు చూస్తేనే కళ్లు తిరుగుతాయి. అందుకని కోడలే కొత్తవాళ్ల శిక్షణలో చేరింది. నేర్పేది, మెడలో ఎప్పుడూ విజిల్ వేలాడేసుకుని తిరిగే విజిల్ మాస్టారు. ఆయన చెప్పినవాటిలో ఆమెకు బాగా ఒంటబట్టిన పాఠం ఒక్కటే.

"గాలి మీదపడితే తెరచాప తాడు వదిలెయ్యాలి. వదిలెయ్ అని వినపడితే చాలు, ఎవరన్నారు, ఎందుకన్నారు అని ఆలోచించొద్దమ్మా. చెయ్యి ఖాళీ అయిపోవాలంతే!"

పాత పడవ కదా అని, అందులో ఎక్కిన అత్తాకోడళ్లను కాస్త ముందే బయల్దేరనిచ్చారు. గాలి గట్టు వైపు వీస్తోంది. కోడలు పళ్లు బిగించి, ఎదురుగాలిలో వంకరటింకరగా వెళ్లి, బోయా చుట్టి పడవను వెనక్కి తిప్పింది. అక్కడే మాస్టారి మిగతా శిష్యులు చిన్న పడవల్లో సాధన చేస్తున్నారు. "అక్క ఏం చేస్తే మీరూ అదే చెయ్యండి" అని వాళ్లకు ఆయన ఆజ్ఞ.

సరిగ్గా అప్పుడే కొత్త పడవలు గుంపుగా అందుకున్నాయి. అన్నిటికన్నా ముందున్న పళ్ల డాక్టరు అత్తగారిని చూసి కేకేశాడు.

"పిన్నిగారూ! బాబాయిగారికి ఆ రోజు మంచి పన్ను పీకేశాను. ఆ విషయం ఇప్పటికీ నన్ను తొలిచేస్తోందండీ!"

"పన్నూ పోయింది, మనిషీ పోయాడు. ఇంకా ఎందుకు నాయనా, వదిలెయ్!" అంది అత్తగారు.

కోడలి చెయ్యి ఖాళీ అయింది.

"నిన్ను కాదే!"

తెరచాప టపటపా కొట్టుకుంది. పడవ గిర్రున తిరిగి, గాలికి ముక్కు ఎదురుపెట్టి ఆగింది. అది చూసిన శిష్యులు ఒక్కసారిగా తాళ్లు వదిలేశారు. వాళ్ల పడవలన్నీ పోటీ పడవలకు అడ్డంగా కొట్టుకొచ్చాయి. గట్టు మీదున్న మాస్టారికి పై ప్రాణాలు పైనే పోయాయి. మైకందుకున్నాడు.

"పట్టుకోండి! పట్టుకోండి!"

ఏం పట్టుకోవాలో ఆయన చెప్పలేదు. శిష్యులు పక్క పడవల్ని పట్టుకున్నారు. రక్షణ పడవ డ్రైవరేమో, ఎవరో పారిపోతున్నారనుకుని, మోటారు పెంచి దూసుకొచ్చి, కొక్కెంతో డాక్టరు పడవను పట్టుకున్నాడు.

"నన్నెందుకయ్యా?"

"అందరికంటే మీరే తొందరగా పోతున్నారు సార్!"

డాక్టరు దిక్కుతోచక బోయాను వాటేసుకున్నాడు.

కోడలు వంగి తాడు కోసం నీళ్లలో తడిమింది. దొరకలేదు. తలెత్తి చూస్తే బోయా చిన్నదైపోతోంది.

"అత్తయ్యా, మనం వెనక్కి పోతున్నాం!"

"గట్టెటుంది?"

"వెనకే."

"మరింకేం? పోనీ!"

కోడలు చుక్కాని రెండు చేతులా బిగించి పట్టుకుంది. మెడ తిప్పి, సూదిలో దారం ఎక్కించేటప్పుడు చూసినంత శ్రద్ధగా గీత వైపు చూసింది. పడవ అటు జారితే ఇటు, ఇటు జారితే అటు దిద్దుతూ, తోక ముందుపెట్టి గీత దాటించింది. అప్పటికి మిగతా పడవలన్నీ బోయా దగ్గరే ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.

తడిబట్టలతో గట్టెక్కిన డాక్టరు మండిపడ్డాడు. "ఇదెలా చెల్లుతుందండీ? ముక్కు ముందు దాటాలి!"

"గీత దాటాలన్నారు, దాటింది. ముక్కు సంగతి మీ తీర్మానంలో చెప్పలేదుగా డాక్టరుగారూ" అన్నాడు మాస్టారు.

పడవకు చోటు మిగిలింది. అందరికంటే ముందు గీత దాటింది గనుక కప్పూ వచ్చింది. అత్తగారు కప్పును ఒళ్లో పెట్టుకుని, కొంగుతో తళతళలాడేదాకా తుడిచింది.

మరుసటి ఆదివారం పళ్ల డాక్టరు కొత్తవాళ్ల శిక్షణకు వచ్చి, వెనక్కి నడపడం ఏ పాఠంలో నేర్పుతారని అడిగాడు.