అసకుసా మీదుగా నజ్మాకు

ఆ శుక్రవారం కారు కడిగేసి, తలకు నూనె పెట్టుకుని మధ్యాహ్నం దాకా పడుకోవాలనుకున్నాడు గంగాప్రసాద్. అతను డ్రైవరుగా ఉన్న ఒగావా సాబ్ సెలవు మీద టోక్యో వెళ్ళాడు. రాజంపేట నుంచి ఖతార్ వచ్చిన గంగాప్రసాద్‌కు దోహా ఊరంతా చూపించింది ఆ సాబే. కాకపోతే ఆయనకు టోక్యో మీద బెంగ. సముద్రం ఒడ్డున దీపాల రోడ్డును గింజా అనీ, రేడియోలమ్మే సందును అకిహబారా అనీ, చేపల మార్కెట్టును సుకీజీ అనీ, కంపెనీ గెస్ట్‌హౌస్ ఉన్న ఇరుకు పేటను అసకుసా అనీ తన ఊరి పేటల పేర్లతోనే పిలిచేవాడు. బోర్డుల మీది అరబ్బీ, ఇంగ్లీషు చదవడం రాని గంగాప్రసాద్ అవే అసలు పేర్లనుకుని కంఠతా పట్టేశాడు. గింజా అంటారు, ఒక్క వడ్ల కొట్టయినా లేదేమిటా అని మాత్రం అనుమానపడేవాడు.

ఫోను మోగింది. మేనేజర్ ముజఫ్ఫర్ అలీ. హైదరాబాద్ మనిషి.

"కొత్త పెద్దసాబ్ జపాన్‌కెల్లి దిగుతుండు. సీదా నజ్మాకు తీస్కపో. రెండు రాత్రులు ఆడనే పండుకుంటడు. నేను గూడ ఆడనే ఉంట. లేట్ చేసినవో, నిన్ను రాజంపేటకు పంపిస్త. యల్లా, జల్ది!"

గంగాప్రసాద్ చెవులు వేడెక్కాయి. పెళ్ళాంపిల్లలున్న మేనేజరూ, విమానం దిగీ దిగని పెద్దమనిషీ, ఇద్దరికీ ఒకే నజ్మానా! కానీ ఉద్యోగం పోతే రాజంపేటలో మళ్ళీ అద్దె ఆటోయే గతి. ఎయిర్‌పోర్టులో పెద్దసాబ్ దిగాడు. నెరిసిన తల, నల్ల సూటు, వినయంగా వంగి దండం. చూస్తే ఎంత మర్యాదస్తుడు!

దారిలో టీ కొట్టు ముందు జగిత్యాల బుచ్చన్న కనిపించాడు. ఇక్కడ సైట్లో మేస్త్రీ. గంగాప్రసాద్ అద్దం దించి గుసగుసగా అడిగాడు.

"అన్నా, నజ్మా ఇల్లు యాడుండాది?"

"నజ్మల ఎవలిల్లురా?"

"నజ్మా ఇల్లేన్నా!"

"గదే అడుగుతున్న. నజ్మల వెయ్యి ఇండ్లున్నయ్."

ఒక నజ్మా కాదన్నమాట! గంగాప్రసాద్ గొంతు ఇంకా తగ్గించాడు.

"మా మేనేజరు కూడా పోతాడంట అన్నా."

"పోతే ఏమైతదిరా? నేను గూడ నాలుగేండ్లు ఆడనే ఉన్న. మా జగిత్యాలోల్లు సగంమంది ఆడనే."

"నువ్వూనా!"

అద్దం పైకెత్తేసి బండి పోనిచ్చాడు. దారి తెలియక ఒకే రౌండబౌటు చుట్టూ మళ్ళీ మళ్ళీ తిరిగాడు. పెద్దసాబ్ గడియారం చూసుకుని, సీటు పట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. చివరికి గంగాప్రసాద్ కారు పక్కకు ఆపి తల కొట్టుకున్నాడు.

"సారీ సార్. దిస్ హెడ్, ఓన్లీ మట్టి. ఐ నో గింజా, అకిహబారా, సుకీజీ, అసకుసా. నజ్మా నో!"

పెద్దసాబ్ చటుక్కున కళ్ళు తెరిచాడు. "అసకుసా? మై హోమ్! యూ నో అసకుసా?"

"డైలీ గోయింగ్ సార్! టెన్ మినిట్స్!"

దోహా నుంచి పది నిమిషాల్లో అసకుసా! పెద్దసాబ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "గో! గో!"

చెప్పినట్టే పది నిమిషాల్లో కారు గెస్ట్‌హౌస్ ముందు ఆగింది. గేటు దగ్గర ముజఫ్ఫర్ అలీ నిలబడి ఉన్నాడు.

"షాబాష్! నజ్మా సందులల్ల పాత డ్రైవర్లే తప్పిపోతరు. నువ్వెట్ల పట్టినవ్‌రా?"

గంగాప్రసాద్ చుట్టూ ఉన్న సందులను, మేడలను, మేనేజరును మార్చి మార్చి చూశాడు. "నజ్మా అంటే... ఈ పేటనా సార్?" అనబోయి నాలుక కరుచుకున్నాడు. బుచ్చన్న మొహం ఎట్లా చూడాలో అర్థం కాలేదు.

ఇంతలో పెద్దసాబ్ మేనేజరు భుజం తట్టి, అతిథి వచ్చేలోపే అతని ఊరి పేటలన్నీ నేర్చుకుని, దారి పొడవునా నవ్వించిన ఇలాంటి డ్రైవరును ఎక్కడా చూడలేదన్నాడు.

మరుసటి వారం నుంచి, కొత్తగా వచ్చే డ్రైవర్లకు దోహా దారులు నేర్పే డ్యూటీ గంగాప్రసాద్‌కు పడింది.