కుప్ప మీద టమాటాలు

ఆ ఉదయం మేస్త్రీ అనుకున్నది చాలా చిన్న పని. తొమ్మిదింటికి తనిఖీ అధికారిణి వస్తుంది, నాలుగో ఎరువు కుప్ప చూస్తుంది, కాగితం మీద సంతకం పెట్టి వెళ్లిపోతుంది. ల్యాబు రిపోర్టు అప్పటికే బాగా వచ్చింది. ఊళ్లోని వంటిళ్ల చెత్తనూ మురుగు మడ్డినీ కలిపి, నెలల తరబడి తిరగేసి, పిడికిట పడితే పొడిపొడిగా రాలే నల్లటి ఎరువు చేశాడాయన. సంతకం పడితే అది పొలాలకు పోతుంది. పడకపోతే గోతిలోకి పోతుంది, మేస్త్రీ మళ్లీ మురుగు ట్యాంకరు వెనక గొట్టం పట్టుకోవడానికి పోతాడు. పద్దెనిమిదేళ్లు పట్టుకున్న గొట్టమే అయినా దాని మీద ఆయనకు మమకారం లేదు.

అయితే యార్డులో లోడరు నడిపే బావమరిదికి కుప్ప మరీ బోసిగా కనిపించింది. తెల్లారేసరికల్లా నర్సరీ నుంచి కాయలతో ఉన్న పన్నెండు టమాటా మొక్కలు తెచ్చి దాని నెత్తిన పాతేశాడు. చెత్తలోంచి చెంచాలూ ప్లాస్టిక్కూ ఏరే అత్తగారు నీళ్లు పోసింది. మేస్త్రీకి మాత్రం ఇద్దరూ చెప్పలేదు. సంతోషం ఉన్నట్టుండి కలిగితేనే బాగుంటుందని.

మేస్త్రీ, అధికారిణి మలుపు తిరిగి వాటిని ఒకేసారి చూశారు.

"ఇవి ఎవరు నాటారు?" అంది అధికారిణి.

"ఎవరూ నాటలేదు మేడమ్. వాటంతటవే మొలిచాయి. మా బావ ఎరువు బలం అలాంటిది" అన్నాడు బావమరిది.

ఆమె పెన్ను జేబులో పెట్టేసింది. మేస్త్రీ ఆమె చాటున కన్ను చికిలించి, తల అడ్డంగా ఊపాడు. ఇంకాస్త కలిపి చెప్పమంటున్నాడనుకున్నాడు బావమరిది.

"ఒక్క గింజ చల్లలేదంటే నమ్మండి. రోజూ బుట్టెడు కోసుకుంటున్నాం."

"నిన్న కూర కూడా వండాను తల్లీ" అని అత్తగారు అందుకుంది. "అల్లుడుగారు రెండోసారి వడ్డించుకున్నారు."

అధికారిణి అల్లుడుగారిని పైనుంచి కిందికి చూసింది. "మీకు తెలీదా మేస్త్రీ గారూ? మనిషి తిన్న టమాటా గింజ మురుగులో కలిసినా చావదు. కుప్ప లోపల సరిగ్గా కాగితేనే చస్తుంది. గింజే చావకపోతే రోగాల క్రిములు చచ్చాయని నేనెలా రాయను?"

"తెలుసు మేడమ్. ఇది చెయ్యి పెడితే బొబ్బలెక్కేంత కాగింది."

"మరి ఇవి?"

బావమరిది ఒక అడుగు ముందుకేశాడు. "నేనే నాటాను మేడమ్. పొద్దున్నే."

"ఇందాక ఎవరూ నాటలేదన్నావు."

"అది అబద్ధం మేడమ్."

"మరి ఇది?"

"ఇది నిజం."

"కూర?"

అత్తగారు చేతులు తుడుచుకుంది. "వండిన మాట నిజమే తల్లీ. బంగాళాదుంపది."

అధికారిణి కాగితాలు సంచిలో పెట్టుకుని గేటు వైపు నడిచింది. మేస్త్రీ కోపమంతా చేతుల్లోకి తెచ్చుకుని, అందిన మొక్కను మొదలంటా పీకాడు. మట్టి రాలలేదు. వేళ్ల చుట్టూ నర్సరీ వాళ్ల నల్ల సంచీ, అచ్చుగుద్దిన పేరుతో సహా, బిగుతుగా ఉంది.

"మేడమ్, ఒక్క నిమిషం" అని కేకేసి రెండోది పీకాడు. దానికీ సంచీ. మూడోది అధికారిణే వెనక్కి వచ్చి పీకింది. దానికీ సంచీ.

"సంచీ చింపకుండానే పాతావురా?" అన్నాడు మేస్త్రీ.

"తొందరలో బద్ధకించాను బావా. తిట్టకు."

మేస్త్రీకి తిట్టే ఉద్దేశం లేదు. బుద్ధెరిగాక ఎవరి బద్ధకాన్నీ ఆయన అంత ప్రేమగా చూసి ఎరగడు.

పన్నెండూ పీకి, పన్నెండు సంచులూ లెక్కపెట్టాక అధికారిణి నిలబడే రాసింది: "ఎరువు వాడకానికి యోగ్యం. సిబ్బందికి మొక్క నాటడం రాదు." కింద సంతకం పెట్టి ముద్ర వేసింది.

అనుమతి పత్రాన్ని గేటు దగ్గర అందరికీ కనిపించేలా అంటించాలన్నది నిబంధన.