కుళ్ళని వేళ్ళు

ఆ ఉదయం పరిశోధకురాలి పథకం చిన్నది. పొలానికి వెళ్ళాలి, ఆరు మొక్కలు కోసి చూడాలి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి పడుకోవాలి. మూడేళ్ళుగా ఆమెకు సరైన నిద్ర లేదు.

ఆమె చేస్తున్న ప్రయోగం గోధుమ మీద. మొత్తం పన్నెండు మళ్ళు. కుడివైపు ఆరింటిలో బయోచార్, అంటే గాలి తగలకుండా కాల్చిన పొట్టు బొగ్గు కలిపింది. ఎడమవైపు ఆరింటిలో ఉత్త మట్టి. అన్నిటిలోనూ వేరుకుళ్ళు తెగులు తెచ్చే బూజును తనే చల్లింది. బొగ్గు పైరును కాపాడుతుందా అన్నది ప్రశ్న. కాపాడ్డానికి ముందు తెగులంటూ రావాలి కదా, అదే రాలేదు. మూడేళ్ళూ రెండు వైపులా పైరు నవనవలాడుతూనే ఉంది. మరో పన్నెండు రోజుల్లో కమిటీ వస్తుంది. చూపించడానికి ఏమీ లేకపోతే ప్రయోగం మూసేసి ఆమెను సామాన్ల గదికి బదిలీ చేస్తారు.

పొలం నుంచి సహాయకుడు ఫోన్ చేసేసరికి ఆమె సబ్బుతో చేతులు తోముకుంటోంది. రాత్రి బొగ్గు జల్లించిన మసి గోళ్ళలోకీ గీతల్లోకీ దిగి, ఎంత తోమినా వదలడం లేదు.

"ఎడమవైపు వేళ్ళు లోపల కుళ్ళాయేమో పైకి తెలియడం లేదు," అంది ఫోన్లో, అలసటగా. "ఇంక ఆగి లాభం లేదు, పదింటికి కోసేద్దాం. కత్తి పదును పెట్టించు. ఎవరికీ చెప్పకు, ఊరికే కంగారు పడతారు."

ఆమె భర్తకు అక్క ఒకావిడ ఉంది. నాలుగు రోజులుండి వెళదామని వచ్చి, ఆ పూట పక్క గదిలో బట్టలు మడత పెడుతోంది. ఈ మాటలు విని తొంగి చూసింది. మరదలి వేళ్ళు పదీ నల్లగా ఉన్నాయి. ఎవరికీ చెప్పొద్దందిగా, అడిగితే దాస్తుందని, మరదలు కారెక్కి వెళ్ళేదాకా ఆగింది. వెళ్ళగానే తమ్ముడికి ఫోన్ చేసింది.

బీమా ఆఫీసులో ఉన్న తమ్ముడు మొదట నమ్మలేదు. అయితే భార్యకు నాలుగుసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. ఆ ఫోను కారులో ఉంది. ఆమె ఆఫీసుకు చేస్తే, మేడం ఇప్పుడే కత్తి పట్టుకుని పొలంలోకి వెళ్ళారని అటెండరు వినయంగా చెప్పాడు. దాంతో ఆయన అంబులెన్సును పిలిచి, దారిలో అక్కను ఎక్కించుకుని బయల్దేరాడు.

పొలం దారి ట్రాక్టరుకే ఇరుకు. అంబులెన్సు మలుపు తిరగబోయి పెద్ద నీటి గొట్టాన్ని తొక్కేసింది. నీళ్ళు చిమ్మాయి. చూస్తుండగానే పన్నెండు మళ్ళూ నిండాయి. అంబులెన్సు చక్రాలు బురదలో కూరుకుపోయాయి.

పరిశోధకురాలు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, స్ట్రెచర్ దించుతున్న మనుషుల్నీ వాళ్ళ వెనక దిగుతున్న తన కుటుంబాన్నీ చూసింది. వదినగారు పరుగున వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని, చేతిరుమాలుతో ఒక వేలు రుద్దింది. రుమాలు నల్లబడింది.

"ఇది మసి కదే!"

"మసే వదినా."

"మరి వేళ్ళు కోస్తానన్నావు?"

"గోధుమ వేళ్ళు."

వదినగారు నల్లబడిన రుమాలు మడిచింది. "మొక్క వేళ్ళని చెప్పొద్దూ? వేళ్ళంటే మేం వేళ్ళనే అనుకుంటాం."

భర్త బూట్లు విప్పి అంబులెన్సును వెనక నుంచి తోయసాగాడు.

గొట్టం బాగుచేసేవాడు సెలవులో ఉన్నాడు. రెండు రోజుల తర్వాత గానీ నీళ్ళు ఆగలేదు. ఆ రెండు రోజులూ ఆమె గట్టు మీద కూర్చుని మునిగిన మళ్ళను చూసింది. మూడేళ్ళ చాకిరీ నీళ్ళపాలైంది. ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది. సామాన్ల గదిలో ఫ్యాను ఉందో లేదో కనుక్కోమని సహాయకుణ్ణి పంపింది.

తొమ్మిదో రోజున ఆ సహాయకుడే గబగబా వచ్చాడు. "మేడం, ఎడమవైపు పైరు పసుపుపచ్చగా మారిపోయింది."

వెళ్ళి పీకి చూసింది. ఉత్త మట్టిలోని వేళ్ళు గోధుమరంగుకు తిరిగి, పట్టుకుంటే చేతికి ఊడొచ్చాయి. తడి దొరికేసరికి బూజు విజృంభించింది. బొగ్గు కలిపిన ఆరు మళ్ళలో నీరు త్వరగా దిగిపోయింది, వేళ్ళు తెల్లగా ఉన్నాయి. ఆమె బురదలోనే చతికిలబడి, పన్నెండు మళ్ళ వేళ్ళనూ ఒక్కొక్కటిగా లెక్కపెట్టింది.

నివేదికలో ఆమె ఉన్నదున్నట్టు రాసింది, అంబులెన్సుతో సహా. పైఅధికారి ఆ వాక్యం కొట్టేసి, "రెండు రోజులు నీరు నిలవ ఉంచి" అని దిద్దాడు. కమిటీ వచ్చి, రెండు వైపులా తిరిగి, అంత సాహసం చేసినందుకు ఆమెను మెచ్చుకుంది.

ఆ మెప్పుకు గుర్తుగా వచ్చే ఏడాదికి ఆమె మళ్ళను పన్నెండు నుంచి ముప్ఫై ఆరు చేశారు.