హాలు పోగొట్టిన కార్డు మిషన్

నాకు కోపం ఎక్కువని మా ఆవిడ వీధంతా చెబుతుంది. మీరే వినండి, నా స్థానంలో మీరుంటే కోపం రాదేమో చూద్దాం.

నేను లెక్కలు రాసే మనిషిని. చిన్న వ్యాపారుల పన్ను లెక్కలు మా ఇంటి హాల్లోనే, కిటికీ పక్కన బల్ల వేసుకుని రాస్తాను. అందరి లెక్కలూ తేల్చేది నేనే, నా ఫీజు మాత్రం ఎప్పటికీ తేలదు. అందులో అందరికంటే ఘనుడు ఇనప సామాన్ల కొట్టాయన. ఫీజు ఎప్పుడిస్తారని అడిగితే ఆయన నోట వచ్చే మాట ఒక్కటే కాబట్టి ఇంట్లో మేం ఆయనకి 'ఎల్లుండి గారు' అని పేరు పెట్టుకున్నాం.

ఓ రోజు ఆయన కొత్త పాట అందుకున్నాడు.

"జేబులో నగదు లేదు సార్. కార్డు తీసుకుంటారా?"

"తీసుకోను."

"అయ్యో, నేనివ్వడానికి సిద్ధంగానే ఉన్నానే!"

తప్పంతా నాదే అయినట్టు నా వంక జాలిగా చూసి వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

మా ఆవిడ బట్టలు కుడుతుంది. వెనకగదిలో, పాత పెట్టెలకీ విరిగిన ఫ్యానుకీ మధ్య ఆవిడ కుట్టుమిషన్. అక్కడ వెలుతురు రాదు. సూదిలో దారం ఎక్కించాలంటే ప్రతిసారీ వంటింటి కిటికీ దాకా రావాలి. అందుకే ఆవిడ కన్ను ఎప్పుడూ నా హాలు మీదే.

"కార్డు మిషన్ పెట్టండి," అంది, లోపల్నుంచి అంతా విని.

"పెడితే ప్రతి చెల్లింపులోనూ బ్యాంకువాళ్లు కోత కోస్తారు. నా కష్టంలో వాళ్లకి వాటా ఏమిటి?"

"ఇప్పుడు మొత్తం పోతోంది కదండీ. మొత్తం పోవడం కంటే కాస్త పోవడం నయం కాదా?"

"నాకు నువ్వు లెక్కలు నేర్పక్కర్లేదు!"

"సరే, పందెం. మిషన్ మీద బాగా డబ్బు నడిస్తే బ్యాంకువాళ్లు దాని అద్దె మాఫీ చేస్తారట. నెలాఖరుకి మాఫీ అయితే హాలు మీది. కాకపోతే నాది. మీ బల్ల వెనకగదిలోకి."

కోపంలో ఉన్నాను కదా, ఊఁ అనేశాను. కోపంలో నేను ఒప్పుకున్నవన్నీ ఇలాగే తగలడ్డాయి.

మిషన్ వచ్చింది. దాని పక్కన నా స్వహస్తాలతో ఒక అట్ట రాసి నిలబెట్టాను: 'కార్డుతో చెల్లించువారు బ్యాంకు కోత కూడా భరించవలెను.'

"ఆ అట్ట తీసెయ్యండి. అది చూశాక ఎవరిస్తారు?"

"న్యాయంగా ఉండేవాడు ఇస్తాడు!"

ఎల్లుండి గారు వచ్చి, కళ్లజోడు పెట్టుకుని, అట్టని తాపీగా చదివాడు. "ఈ వయసులో ఈ భారాలన్నీ నాకెందుకు సార్, నగదే తెచ్చిస్తాను," అన్నాడు. ఎప్పుడని అడగడం నా బుద్ధి తక్కువ. మిగతావాళ్లూ అట్టని చదివి అదే దారి పట్టారు. మిషన్ మాత్రం రోజూ చార్జింగ్ మింగుతూ బల్ల మీద కూర్చుంది.

నెలాఖరు దగ్గరపడింది. ఆ చీకటి గదిని తలుచుకుంటేనే నాకు ఊపిరాడలేదు. అప్పుడు బీరువాలో ఉన్న మా ఆవిడ క్రెడిట్ కార్డు గుర్తొచ్చింది. చిన్న మొత్తాలకి పిన్ అక్కర్లేదు, మిషన్ మీద ఆనిస్తే చాలు. డబ్బు నా ఖాతాలో పడుతుంది, దాంతోనే ఆవిడ కార్డు బిల్లు కట్టేస్తాను. మధ్యలో బ్యాంకు కోత తప్ప ఎవరికీ నష్టం లేదు. ఇదే పని నా దగ్గరికొచ్చే వ్యాపారి ఎవడైనా చేస్తే నేను నిలబెట్టి తిట్టేవాణ్ణి.

ఆవిడ దారం ఉండల కోసం బజారుకి వెళ్లినప్పుడల్లా కార్డు ఆనించాను. మెసేజులంటారా, ఆ కార్డు దరఖాస్తు నింపింది నేనే, నంబరు నాదే ఇచ్చాను. చిత్రంగా నా ఫోనుకి ఒక్కటీ రాలేదు. బ్యాంకువాళ్ల బద్ధకం మొదటిసారి నాకు పనికొచ్చిందని సంబరపడ్డాను.

తర్వాత బ్యాంకు నుంచి ఒకమ్మాయి వచ్చింది.

"మీ మీద ఫిర్యాదు వచ్చింది సార్. ఈ చెల్లింపులేవీ తాను చెయ్యలేదనీ, మీరు తనకి ఏ పనీ చేసిపెట్టలేదనీ ఒక కార్డు ఖాతాదారు అంటున్నారు."

నేను బల్ల గుద్దాను. "ఎవరా దుర్మార్గులు? నా నిజాయితీ మీద మచ్చా? పిలిపించండి, నా ఎదురుగా నిలబడి చెప్పమనండి!"

ఆ అమ్మాయి కాగితం చూసి నసిగింది. "పిలిపించక్కర్లేదు సార్. చిరునామా ఈ ఇల్లే."

మెడలో కొలతల టేపుతో మా ఆవిడ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నంబరు నేనెప్పుడో మార్పించుకున్నానండీ," అంది చల్లగా. "ఇప్పుడు చెప్పండి, నాకు ఏం పని చేసిపెట్టారు?"

"స... సలహాలిచ్చాను."

"ఏం సలహాలు?"

"గదిలోంచి వచ్చేటప్పుడు లైటు ఆర్పమన్నాను."

"రాసుకోండమ్మా. ఆ సలహా నేనెప్పుడూ వినలేదు."

ఆ అమ్మాయి నవ్వు బిగబట్టుకుని రాసుకుంది. డబ్బంతా వెనక్కి, పైన జరిమానా, అద్దె మాఫీ లేదు. ఆ అమ్మాయి వెళ్లగానే నేను గొంతు పెంచాను.

"బయటివాళ్ల ముందు పరువు తీస్తావా? మొగుడి మీద ఫిర్యాదు చేస్తారా ఎవరైనా?"

"మొగుడు బీరువా తీస్తే చేస్తారు." ఆవిడ కళ్లు ఎర్రబడ్డాయి. "ఇంకో నెల గడువు అడిగితే ఇచ్చేదాన్ని. నేనడిగింది కాస్త వెలుతురండీ. అది నాకు దక్కకుండా చెయ్యడానికి నా కార్డే దొంగతనంగా వాడారు. నాకెంత మండుతోందో మీకు తెలుసా?"

ఆవిడ అరవలేదు. అరిచుంటే నేనూ అరిచేవాణ్ణి.

బల్ల వెనకగది గుమ్మంలో పట్టలేదు. కాళ్లు ఊడదీసి, పళ్లు నూరుకుంటూ నేనే మోశాను. ఆవిడ బ్యాంకుకి వెళ్లి తన పేరున ఒక కార్డు మిషన్ తెచ్చుకుంది. నా అట్టని కాలరు కొలతకి కత్తిరించుకుంది.

మొన్న ఎల్లుండి గారు ప్యాంట్లు పొట్టి చేయించుకోవడానికి వచ్చాడు. ఆవిడ మిషన్ ముందుకి జరపగానే మారుమాట్లాడకుండా కార్డు ఆనించాడు. నేను పెట్టెలు దాటుకుంటూ పరుగెత్తుకొచ్చాను.

"మరి నా ఫీజు?"

"ఎల్లుండి సార్," అని ప్యాంట్లు చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

మా ఆవిడ ఓ సంచీడు రసీదులు నా చేతిలో పెట్టింది. "నా కుట్టు లెక్కలు కూడా మీరే రాయాలి."

"రాస్తాను. ఊరికే మాత్రం రాయను," అన్నాను, మిగిలిన కాస్త పౌరుషాన్నీ కూడగట్టుకుని. "నా ఫీజు ఎప్పుడిస్తావు?"

కిటికీ వెలుతురులో సూదిలోకి దారం ఒక్కసారికే ఎక్కించి, తలెత్తకుండా అంది:

"ఎల్లుండి."